ఎఫ్‌డీపీకి వెళ్లి ఏమీ నేర్చుకోకుండా తిరిగి రావడం ఎలా?

కాలేజీలో పాఠం చెప్పే ప్రతివారికీ ఏడాదికోసారైనా పట్టే యోగం ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం. పాఠం ఎలా చెప్పాలో అక్కడ మనకు పాఠం చెబుతారు. కాస్త ప్రమాదం ఉన్న వ్యవహారమే. ఆదమరిస్తే ఏదో ఒకటి బుర్రకెక్కవచ్చు. ఈ కింది జాగ్రత్తలు పాటిస్తే వెళ్లినవారు వెళ్లినట్టే క్షేమంగా ఇల్లు చేరతారు.

1. అంశం కాదు, రోజులు చూడండి

దేనిమీద అని అడక్కండి, ఎన్ని రోజులు అని అడగండి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ 10వ లెవెల్ నుంచి 11కి ఎక్కాలంటే పీహెచ్‌డీ ఉన్నవారికి 4 ఏళ్ల సర్వీసుతోపాటు బోధనా పద్ధతుల మీద 21 రోజుల ఓరియంటేషన్ కోర్సు కూడా కావాలి. ఆ రోజుల్లో మీకు ఏం బోధపడిందని ప్రమోషన్ ఫైలు చూసేవారు అడగరు. సర్టిఫికెట్ మీద 21 అనే అంకె స్పష్టంగా ఉందా లేదా అన్నది మాత్రం భూతద్దం పెట్టి చూస్తారు.

మీరు వెళ్లడం కాలేజీకీ అవసరమే. ఇలాంటి శిక్షణలకు ఎందరు అధ్యాపకులు వెళ్లొచ్చారో, కాలేజీలకు గుర్తింపునిచ్చే న్యాక్‌కు పంపే నివేదిక ఆరో క్రైటీరియన్‌లో శాతం కట్టి చూపించాలి. అందుకే ఒక్క సీఎల్ అడిగితే నాలుగు ప్రశ్నలు వేసే ప్రిన్సిపాల్ గారు న్యాక్ ఏడాదిలో తానే పిలిచి, "ఇంకా ఏ ఎఫ్‌డీపీకీ వెళ్లలేదేంటమ్మా?" అని బెంగపడతారు. ఆన్ డ్యూటీ అడిగే అదను అదే.

పాత సర్టిఫికెట్లు పారేయకండి. 1986 జాతీయ విద్యా విధానం పుణ్యమా అని పుట్టిన అకడమిక్ స్టాఫ్ కాలేజీలు 2015లో మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి. 2023లో మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాలయ్యాయి. మూడు పేర్లూ ఒకే భవనానివని ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ వారికి నచ్చజెప్పగలిగితే మీ బోధనా నైపుణ్యానికి వేరే పరీక్ష అక్కర్లేదు.

2. వెనక వరసలో చోటు పట్టండి

పదింటికని వేసిన ప్రారంభ సభకు ముఖ్య అతిథి పదకొండుకు వస్తారు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, బొకేలు, శాలువాలు, జ్ఞాపికలు అయ్యాక వేదిక మీదున్న ప్రతివారూ "సమయాభావం వల్ల రెండే మాటలు" అని మైకు అందుకుంటారు. ఆ రెండు మాటలకు మీ వాట్సాప్ మొత్తం చదవడం పూర్తవుతుంది.

ఫ్యాను కింద, ప్లగ్ పాయింటు పక్కన, తలుపుకు దగ్గరగా కూర్చోండి. మీ క్లాసులో వెనక బెంచీ వాళ్లను లేపి ముందుకు పిలిచే అలవాటు మీకు ఉండవచ్చు. ఇక్కడ దాన్ని గుర్తు చేసుకోకండి. "మేడమ్, సార్, దయచేసి ముందుకు రండి, ఫొటోలో ఖాళీ కుర్చీలు పడుతున్నాయి" అని నిర్వాహకులు బతిమాలినా పక్కవారి వైపు చూడండి. పక్కవారు మీవైపు చూస్తారు.

3. స్లైడ్లకు ఎదురు చెప్పకండి

"విద్యార్థి కేంద్రిత బోధన" మీద రిసోర్స్ పర్సన్ గంటన్నర ఏకబిగిన మాట్లాడతారు. లెక్చర్ పద్ధతికి కాలం చెల్లిందని లెక్చర్ ఇస్తారు. నవ్వు వస్తే దగ్గండి. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆ సంగతి రోజూ చెప్పే మనకు తెలియనిది కాదు.

కాసేపటికి తెర మీదికి ఒక పిరమిడ్ వస్తుంది. చదివింది 10 శాతం గుర్తుంటుందట, విన్నది 20 శాతం, చేసింది 90 శాతం. కింద అమెరికన్ విద్యావేత్త ఎడ్గార్ డేల్ పేరు. డేల్ 1946లో తన పుస్తకంలో ఒక శంకువు గీసిన మాట నిజమే గానీ, అందులో ఒక్క శాతమూ లేదు. ఆ గుండ్రటి అంకెలన్నీ తర్వాత ఎవరో అతికించినవే. ఆ వెంటే ఇంకో స్లైడు: కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని, కొందరు చేసి, ఎవరి శైలికి తగ్గట్టు వారికి చెప్పాలి. అలా చెబితే ఎక్కువ వంటపడుతుందా అని హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ఆధారాలు గాలించారు. తగినంత రుజువు లేదని తేల్చారు.

ఇవన్నీ మీకు తెలిసినా లేచి చెప్పకండి. లంచ్ ఆలస్యమవుతుంది, తోటివారు జన్మలో క్షమించరు. పైగా ఏదో ఒకనాడు మీరూ రిసోర్స్ పర్సన్ అవుతారు. ఆనాడు మిమ్మల్ని ఆదుకునేవి ఈ రెండు స్లైడ్లే.

4. అంకెలు సహజంగా వేయండి

భోజనానంతర నిద్ర ఆపడానికి బెంజమిన్ బ్లూమ్‌ను దింపుతారు. నేర్చుకోవడానికి ఆయన 1956లో కట్టిన మెట్లను 2001లో సవరించారు. ఇప్పుడు రెండో మెట్టు పేరు "అర్థం చేసుకోవడం". అయితే మీ కోర్సు అవుట్‌కమ్‌లలో ఆ మాట మాత్రం రాయకూడదంటారు, కొలవలేరు గనక. "వివరించును", "విశ్లేషించును" అని రాయండి. విద్యార్థికి అర్థమైందా లేదా అన్న చింత దాంతో తీరిపోతుంది.

ఇంజనీరింగ్ వారికి ఆపైన ఏ కోర్సు అవుట్‌కమ్ ఏ ప్రోగ్రాం అవుట్‌కమ్‌కు ఎంత తోడ్పడుతుందో చూపే సీఓ-పీఓ మ్యాపింగ్ ఉంటుంది. 2014లో మన దేశం ఇంజనీరింగ్ డిగ్రీల పరస్పర గుర్తింపు ఒప్పందమైన వాషింగ్టన్ అకార్డ్‌లో శాశ్వత సభ్యత్వం పొందిన దగ్గర్నుంచీ ఈ పట్టికలు మన మెడకు గట్టిగా చుట్టుకున్నాయి. గ్రూపులుగా విడగొట్టి చార్టులూ స్కెచ్ పెన్నులూ ఇస్తారు. గ్రూపులో అందరికన్నా చిన్నవారు రాస్తారు, హెచ్ఓడీలు పర్యవేక్షిస్తారు, మిగతావారు డీఏ అరియర్స్ గురించి చర్చిస్తారు. గడుల్లో 1, 2, 3 వేయాలి. అన్నింటా 3 వేస్తే అనుమానం వస్తుంది. మధ్య మధ్య 2 వేయండి, ఎక్కడో ఒకచోట 1 పడేయండి. చూడటానికి నిజంలా ఉంటుంది.

5. ఆన్‌లైన్‌లో చాట్ బాక్సే హాజరు

2020 లాక్‌డౌన్‌లో అందరికీ దక్కిన వరం ఇది. కెమెరా ఆపి, మైకు మ్యూట్ చేసి, పొద్దున చాట్‌లో పేరు, శాఖ, కాలేజీ, గుడ్ మార్నింగ్ పెట్టండి. సాయంత్రం "వెరీ ఇన్ఫర్మేటివ్ సెషన్ సార్" అని పెట్టండి. ఈ రెంటి మధ్యా సెషన్ జరుగుతుంది. కాపీ పేస్టు చేసేటప్పుడు మాత్రం చూసుకోండి. మేడమ్ మాట్లాడిన రోజు "సార్" అని పడితే బాగుండదు.

ఫీడ్‌బ్యాక్ ఫారం లింకు చివరి పది నిమిషాల్లో వస్తుంది. అప్పటిదాకా నిశ్శబ్దంగా ఉన్న నాలుగు వందల మందీ "లింక్ ఓపెన్ కావట్లేదు సార్" అని ఒక్కసారిగా మేలుకుంటారు. అన్నింటికీ "ఎక్సలెంట్" కొట్టండి. బుర్ర పెట్టవలసినది ఒక్కచోటే: మీ పేరు. అక్కడ ఎలా రాస్తే సర్టిఫికెట్ మీద అలాగే పడుతుంది.

6. చివరి హెచ్చరిక

అసలు గండం చివరి రోజు వాలెడిక్టరీకి ముందు ఉంటుంది. రావలసిన వక్త రాలేదని అదే ఊళ్లోని రిటైర్డ్ మేడమ్ ఒకరిని పిలుస్తారు. ఆవిడ దగ్గర స్లైడ్లుండవు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలి గురించి చెబుతారు. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగుతారని ఆమె 1970లలో చూపించింది. మూడు సెకన్లు ఆగితే చాలు, జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు విప్పారు. ఇంత చెప్పి ఆ మేడమ్ హాలును ఒక ప్రశ్న అడిగి ఆగిపోతారు. మీరు సరిగ్గా ఆ క్షణంలో టీకి లేవాలి.

లేవలేదో, ఇబ్బంది మొదలైనట్టే. సోమవారం క్లాసులో "అర్థమైందా? ఓకే, నెక్స్ట్" అనబోయి ఆగుతారు. మనసులో మూడు లెక్కపెడతారు. వెనక బెంచీ కుర్రాడు ఏదో అంటాడు, తప్పుగా. ముందు వరసలో అమ్మాయి కాదంటుంది. ఎందుకు కాదో వాడు అడుగుతాడు. బెల్లు కొట్టినా ఇద్దరూ ఆపరు. మర్నాడు మిమ్మల్నే ప్రశ్నలు అడుగుతారు, వాటిలో కొన్నింటికి మీ దగ్గర జవాబుండదు. మిడ్ పరీక్షలు దగ్గరపడుతుంటాయి, మీరు ఒక యూనిట్ వెనకబడి ఉంటారు. అప్రైజల్ ఫారంలో ఇందుకు కాలమ్ లేదు, దీనికి సర్టిఫికెట్ ఇచ్చేవారూ లేరు.

పరిస్థితి అంతదాకా వస్తే విరుగుడు ఒక్కటే. ఆలస్యం చేయకుండా ఇంకో ఎఫ్‌డీపీకి పేరివ్వండి.