దిగి మొక్కవలసిన కొండదేవుడు

కొండదేవుణ్ణి చూడాలంటే మెట్లెక్కాలన్నది లోకమెరిగిన నియమం కాగా, నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలోని సలేశ్వరం లింగమయ్య ఆ నియమాన్ని తలకిందులు చేసి, కొండలెక్కి వచ్చిన భక్తుణ్ణి తిరిగి లోయలోకి దింపి, జలపాతం చెంతనున్న గుహలో దర్శనమిస్తాడు. ఈ ఏర్పాటువల్ల పుణ్యం ముందుగా చేతికంది, దాని ఖరీదు తిరుగుదారిలో మోకాళ్ళు చెల్లించవలసి వస్తుంది. దిగేటప్పుడు "వస్తున్నాం లింగమయ్యా" అని లోయ మారుమోగేలా కేకవేసిన గొంతే, ఎక్కేటప్పుడు "పోయొస్తాం లింగమయ్యా" అనడానికి రెండుసార్లు ఊపిరి తీసుకుంటుంది.

ఈ జాతర చైత్ర పౌర్ణమి ముందువెనుకల కొద్దిరోజులే జరుగుతుంది. సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోని ఈ లోయలోకి మిగతా ఏడాది జనానికి ప్రవేశం లేదు కనుక, గద్వాల, వనపర్తి వైపులనుంచి కూడా జనం ఆ కొద్దిరోజుల్లోనే వచ్చిపడతారు. నడవలేనివారికి వేరే వీలుంది: శ్రీశైలానికి చెప్పే నాలుగు ద్వారక్షేత్రాలలో పడమటిదైన అలంపురం, ఉత్తరాన అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం, రెండూ పాత పాలమూరు జిల్లాలోనివే.

దారిలో తగిలే రాంపూర్ వంటి పెంటలు, అంటే చెంచుల చిన్న ఆవాసాలు, యాత్రికుని కంట పడతాయి గాని మనసుకెక్కవు. గుడిసె ముందు నిలబడి ఫొటో దిగి, సిగ్నల్ ఎక్కడ అందుతుందని అడిగి, జవాబుకు ఆగకుండా సాగిపోవడం ఆనవాయితీ. ఊళ్ళో పురోహితుణ్ణి పిలిచేముందు సవాలక్ష విచారణలు చేసే పెద్దమనిషి, ఇక్కడ చెంచు పూజారి చేతి విభూతిని కళ్ళకద్దుకుంటాడు. లోయ దాటిన తరువాత ఆ సమభావం ఎంతదూరం వెంట వస్తుందో ఎవరూ కొలిచినట్టు లేదు. హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త మాత్రం చెంచుల నడుమ మకాం వేసి, 1943లో వారిపై ఒక గ్రంథమే వెలువరించాడు. కొండచరియకు వేలాడుతూ తేనె తీసేవాని తాడును చెంచుల్లో బావమరిదే పట్టుకోవాలన్నది ప్రసిద్ధమైన ఆచారం. అక్కచెల్లెళ్ళ పసుపుకుంకుమలకన్న గట్టి హామీపత్రాన్ని ఏ బీమా సంస్థా ఇంతవరకు రాయలేదు.

ఈ దక్షిణాపథపు కొండలను చూడకుండానే వర్ణించే విద్య కూడా పాతదే. అయిదవ శతాబ్దం తొలినాళ్ళలో భారతదేశంలో తిరిగిన చైనా బౌద్ధభిక్షువు ఫాహియాన్, దక్షిణదేశంలో కొండను తొలిచి కట్టిన అయిదంతస్తుల విహారాన్ని గురించి రాస్తూ, అడుగు అంతస్తు ఏనుగు ఆకారమనీ, అందులో 500 గదులనీ, పై అంతస్తు పావురమనీ, అందులో 100 గదులనీ లెక్కలతో సహా చెప్పి, దారి దుర్గమమనీ, రాజుకు ధనమిస్తే దారి చూపే మనుషులను పంపుతాడనీ వివరించి, చివరకు తాను అక్కడికి వెళ్ళలేకపోయానని ఒప్పుకున్నాడు. ఆ చివరి వాక్యం రాసే నిజాయితీ నేటి యాత్రావర్ణనలలో అరుదు. రుసుము కట్టి వాహనమెక్కి పులిని చూడకుండా తిరిగివచ్చినవారు సైతం దాని మీసాలు వర్ణించగలరు.

కనుక వచ్చే చైత్రానికి బయలుదేరేవారు మోకాళ్ళను ముందుగా సిద్ధం చేసుకొని, పెంటలో ఎవరినైనా పలకరిస్తే జవాబు వినేదాకా ఆగి, తాగిన నీళ్ళసీసాను లింగమయ్యకు నైవేద్యంగా వదలక తమ సంచిలోనే వెనక్కి తీసుకురావలసిందిగా మనవి.