గులాబీ కాగితం మీద కొత్త పేరు

నన్ను బ్యాలెట్ యూనిట్ అంటారు. పుట్టింది హైదరాబాద్ ఈసీఐఎల్‌లో, అందుకే నాకు మొదట అబ్బిన భాష తెలుగు. ఓటింగ్ యంత్రం అనగానే జనం ఒకటే పెట్టె అనుకుంటారు గానీ మేం ముగ్గురం. పోలింగ్ అధికారి బల్ల మీదుండే కంట్రోల్ యూనిట్ ఓట్లను దాచుకుంటుంది. వీవీప్యాట్ చీటీని ఏడు సెకన్లు చూపించి లోపలికి జారవిడుస్తుంది. అట్ట చాటున ఓటరు వేలు తాకేది మాత్రం నన్నే. నా దగ్గర లెక్క ఉండదు, పేర్లుంటాయి. కాబట్టి నేను చెప్పగలిగింది పేర్ల సంగతే.

2022 నవంబర్‌లో నేను సూరత్‌లో ఉన్నాను. ఏ యంత్రం ఏ నియోజకవర్గానికి, ఏ బూత్‌కి వెళ్లాలో కంప్యూటరే తేలుస్తుంది. నా వంతుకు కతర్‌గామ్ వచ్చింది. మరమగ్గాల మీద బతికే మన తెలుగువాళ్లు ఎక్కువగా లింబాయత్ వైపు ఉంటారు. కతర్‌గామ్ మాత్రం సౌరాష్ట్ర నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లతో, వజ్రాలకు సానపట్టే కార్ఖానాలతో కిటకిటలాడే చోటు.

అభ్యర్థుల ఏజెంట్ల ముందు నా మూత తీసి గులాబీ రంగు కాగితం అమర్చారు. శాసనసభకైతే గులాబీ, లోక్‌సభకైతే తెలుపు. దాని మీద గుజరాతీ లిపిలో పేర్లు, ఫొటోలు, గుర్తులు. కమలం పక్కన వినోద్ మొరాడియా. అప్పటికే ఆ స్థానంలో ఎమ్మెల్యే, సహాయ మంత్రి కూడా. చీపురు పక్కన గోపాల్ ఇటాలియా. ఒకప్పుడు పోలీసు కానిస్టేబుల్, అప్పటికి గుజరాత్ ఆమ్ ఆద్మీ పార్టీ అధ్యక్షుడు. ఎమ్మెల్యే స్థానానికి నిలబడటం ఆయనకదే మొదలు.

పాత పేరు నా మీదికి అలవాటుగా వచ్చేస్తుంది. కొత్త పేరు రావడానికి ఎంత నడవాలో జనానికి తెలియదు. నామినేషన్ పత్రం నింపాలి. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ ప్రమాణపత్రంలో ఊరందరికీ తెలిసేలా రాయాలి. జనరల్ అభ్యర్థి పది వేలు డిపాజిట్ కట్టాలి, పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే ఆ డబ్బు పోతుంది. గుర్తింపు పొందిన పార్టీ అండ లేనివాడైతే పదిమంది ఓటర్లతో ప్రతిపాదకులుగా సంతకాలు పెట్టించుకోవాలి. పేరు, ఊరు బయటపెట్టి సంతకం చేసే పదిమందిని కూడగట్టడం చిన్న పని కాదు. ప్రచారానికి ఇల్లిల్లూ తిరగాలి, ఖర్చు మాత్రం 40 లక్షలు దాటకూడదు. నా దాకా వచ్చిన ప్రతి కొత్త పేరు మీదా నాకు గౌరవం. అందులోనూ నోటాకు కాస్త పైన ఉండే స్వతంత్రుల పేర్లంటే మరీను.

ఇటాలియాకు ఆ వీధుల్లో ఆశ ఊరికే పుట్టలేదు. 2021 ఫిబ్రవరిలో సూరత్ కార్పొరేషన్‌లోని 120 స్థానాల్లో 27 ఆయన పార్టీ గెలుచుకుంది. కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. కార్పొరేటర్లను గెలిపించిన నగరం ఎమ్మెల్యేనూ గెలిపిస్తుందా అని గుజరాతంతా చూసింది.

డిసెంబర్ 1న తెల్లవారుతూనే ఏజెంట్ల ముందు మాక్ పోల్ చేశారు. కనీసం యాభై ఓట్లు వేసి, చీటీలతో సరిచూసి, అన్నీ చెరిపేశారు. ఎనిమిదింటికి అసలు ఓటింగ్ మొదలైంది. రోజంతా రాయిని సానచక్రానికి ఆనించి పనిచేసే వేళ్లు వచ్చాయి, కార్ఖానా యజమానుల వేళ్లూ వచ్చాయి. చూపు లేని ఓటరు ఒకరు నా అంచున ఉన్న బ్రెయిలీ అంకెలు తడుముకుని, తనకు కావలసిన బటన్ తనే నొక్కారు. ఆ క్షణానికి నేను పుట్టినందుకు సంతోషించాను. ఎవరు ఏది నొక్కారన్నది మాత్రం చెప్పను. యజమాని నొక్కినా పనివాడు నొక్కినా వెలిగేది అదే ఎర్ర దీపం, మోగేది అదే బీప్.

డిసెంబర్ 8న లెక్కింపు బల్ల మీదికి కంట్రోల్ యూనిట్లను తీసుకెళ్లారు. నాతో పని లేదు కాబట్టి నేను ఉన్నచోటే ఉన్నాను. ఫలితం తర్వాత తెలిసింది. మొరాడియా 64 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఇటాలియాకు వచ్చినవి 55 వేల పైచిలుకు. డిపాజిట్ దక్కింది, సీటు దక్కలేదు. రాష్ట్రంలో 182 స్థానాలకు బీజేపీ 156 గెలిచింది, ఆమ్ ఆద్మీకి అయిదు వచ్చాయి.

చీపురు పక్క బటన్ నొక్కినవాళ్ల ఓటు వృథా అయిందని ఎవరైనా అంటే నేను ఊరుకోలేను. ఒక రాష్ట్రంలో గుర్తింపు రావడానికి ఒక దారి ఉంది: పోలైన ఓట్లలో ఆరు శాతం, రెండు అసెంబ్లీ సీట్లు. గుజరాత్‌లో ఆ పార్టీకి పడ్డది దాదాపు 13 శాతం. ఢిల్లీ, పంజాబ్, గోవాల సరసన నాలుగో రాష్ట్రంగా గుజరాత్ చేరింది, దాంతో 2023 ఏప్రిల్ 10న ఎన్నికల సంఘం దానికి జాతీయ పార్టీ హోదా ఇచ్చింది. ఆ 13 శాతంలో కతర్‌గామ్‌లో ఓడిన ఓట్లూ ఉన్నాయి. సీటు లెక్కలో మిగలని ఓటు అక్కడ లెక్కకొచ్చింది.

2025 జూన్‌లో జునాగఢ్ జిల్లా విసావదర్‌లో ఉపఎన్నిక జరిగింది. ఆ బూత్‌లకు వెళ్లింది నా తోటి యంత్రాలు. గులాబీ కాగితం మీద మళ్లీ ఇటాలియా పేరు. ఈసారి 17,554 ఓట్ల ఆధిక్యంతో గెలిచి ఆయన గుజరాత్ శాసనసభలో అడుగుపెట్టారు. కతర్‌గామ్‌లో నా మీదున్న మిగతా కొత్త పేర్లలో ఎవరు మళ్లీ నామినేషన్ వేస్తారో తెలుసుకోవాలని ఉంది.