పాత చీటీ

మోకాళ్ల నొప్పులంటే మా అమ్మని కొత్తవలసలోనే ఒక డాక్టరుగారికి చూపించాను. ఆయన మోకాళ్లు నొక్కి చూశారు, బీపీ చూశారు, కాళ్లకి నాలుగు కసరత్తులు నేర్పారు. చివరికి చిన్న చీటీ రాసిచ్చారు. అమ్మకి నచ్చలేదు.

"ఇదేటి డాట్రు? సూదైనా ఎయ్యనేదు," అంది గుమ్మం దాటగానే. మా వైపు అంతే. సూది గుచ్చితేనే వైద్యం, చీటీ నిండా మందులుంటేనే మంచి డాక్టరు.

కానీ అందులో రాసిన డైక్లోఫెనాక్ బిళ్లలు రెండు పూటలు పడ్డాయో లేదో, అమ్మ చకచకా నడిచేసింది. వారం తిరక్కుండా కిరండూల్ పాసింజరెక్కి శృంగవరపుకోటలో పిన్నిని చూసొచ్చింది. "మందంటే ఇదిరా!" అంది.

అప్పట్నుంచీ జీతం రాగానే నెలకి సరిపడా బిళ్లలు తేవడం నా పని. అది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేనిదే అమ్మకూడదు. నా దగ్గర చీటీ ఉంది. షాపులో దూరం నుంచి చూసే ఇచ్చేసేవారు. 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారని పేపర్లో చదివి, పాపం అక్కడి ఉద్దానం జనం అనుకున్నవాణ్ణి నేను.

మూడో ఏడు అమ్మ మొహం ఉబ్బింది. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్తే క్రియాటినిన్ 6 దాటింది.

"నొప్పి బిళ్లలు ఎన్నాళ్లు వాడారు?" అనడిగారు అక్కడి డాక్టరమ్మ. కిడ్నీకి రక్తం సరిగా అందేలా చూసే పదార్థాన్నే ఆ బిళ్లలు తయారు కానివ్వవట. బీపీ ఉన్న మనిషి రోజూ మింగితే ఇక చెప్పేదేముంది.

నా ఒళ్లు మండిపోయింది. తిన్నగా కొత్తవలస వచ్చి, చీటీ తీసి డాక్టరుగారి బల్ల మీద పడేశాను.

"ఈ మందు రాసింది మీరే కదా?"

ఆయన చీటీ అందుకున్నారు. ట్యూబులైటు వెలుగు దాని మీద తళతళలాడుతుంటే పక్కకి వంచి చదివారు. తర్వాత నా వైపు తిప్పి, అడుగున ఒక వరుస కింద వేలు పెట్టారు. తెలుగులోనే ఉంది, గుండ్రటి అక్షరాలతో.

"5 రోజులు మాత్రమే. తర్వాత ఆపేసి, మళ్లీ చూపించుకోవాలి."

"అమ్మగారిని మళ్లీ తీసుకురాలేదు కదా, బాబూ," అన్నారు మెల్లగా. ఆయన గొంతులో కోపం లేదు. చీటీ మడవబోయారు. అది మడత పడలేదు.

నెల నెలా జేబులో నలిగి చిరిగిపోతుందని, దానికి లామినేషన్ చేయించింది నేనే.