మూకుడు పాపం, ఓవెన్ పుణ్యం

నూనె చుక్క తగలకుండా బంగాళాదుంప చిప్స్ చేయొచ్చునట. కరకరలాడతాయట. కొట్లో కొన్న ప్యాకెట్టుకీ వీటికీ తేడా కనిపెట్టలేరట. పిల్లలకు ఎన్ని పెట్టినా పరవాలేదట. ఈ నాలుగు 'అట'లు నమ్మి ఓటీజీ ఓవెన్ కొన్న ఇళ్లలో మూకుడు అటకెక్కింది. పండక్కి గారెలు వండాలంటే అత్తగారు స్టూలు వేసుకుని దింపుకోవాలి.

ఈ 'అట'లు వినిపించే వంటల వీడియోల్లో ఒక సంప్రదాయం ఉంది. ట్రే బయటికి రాగానే వండినావిడ అందులోంచి ఒక చిప్‌ని ఏరుతుంది. తీయడం కాదండీ, ఏరడమే. దాన్ని మైకు దగ్గరికి తెచ్చి విరుస్తుంది. కరక్! అంతటితో వీడియో సమాప్తం. ట్రేలో మిగిలినవాటి అభిప్రాయం మనకు వినపడదు.

ఆ మిగిలినవాటిని చూసే భాగ్యం మా ఎదురు ఫ్లాటులో కలిగింది. వదినగారు శ్రద్ధ గల మనిషి. దుంపల్ని స్లైసర్ మీద పల్చగా గీశారు. అరగంట చన్నీళ్లలో నానబెట్టారు. పాత పంచె పరిచి, ఒక్కో రేకునీ దాని మీద ఆరబెట్టి, తడి అద్దారు. బటర్ పేపర్ మీద ఒకదానికొకటి తగలకుండా పేర్చారు. ట్రేకి పట్టినవి పట్టగా, పట్టనివి పంచె మీదే రంగు మారుతూ తమ వంతు కోసం కూర్చున్నాయి. పావుగంటకి తిరగేయాలన్నారు కదా అని తలుపు తెరిస్తే, కొన్ని కాగితాన్ని వదలమన్నాయి. వెనక మూలవి మాడాయి, తలుపు దగ్గరివి ఇంకా పచ్చిగానే ఉన్నాయి. చాలావాటికి అంచు బొగ్గు, నడుమ తోలు. అన్నయ్యగారు ఒకటి నోట్లో వేసుకుని కాసేపు నమిలారు. ఇంకాసేపు నమిలారు.

"బావుంది గానీ, ఇంకొంచెం..."

"హెల్దీ అండీ" అన్నారు వదినగారు.

ఆ మాటకు ఏ ఇంట్లోనూ అప్పీలు లేదు. ఆయన మారుమాటాడకుండా రెండోది తీసుకున్నారు.

ఇందులో వదినగారి తప్పు వెతికితే పాపం. దుంపలో నూటికి ఎనభై వంతులు నీళ్లే. చిప్ కరకరలాడాలంటే ఆ నీరు రెండు శాతం దరిదాపులకి దిగాలి. 170, 180 డిగ్రీల నూనె ఆ పనిని మూడు నాలుగు నిమిషాల్లో ముగిస్తుంది. అంచనీ నడుమనీ చూడకుండా అన్నివైపులా ఒక్కసారే పట్టుకుంటుంది. నీరు ఆవిరై ఖాళీ చేసిన చోట్లలోకి కొంత నూనె చేరుతుంది. మనం లొట్టలేసే రుచి అక్కడిదే. వేడిగాలికి ఆ సత్తువ లేదు. అంచుల్ని ఎండగట్టేలోపు నడుమ ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. 2010లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన ఎయిర్ ఫ్రయర్ కూడా, పేరులో ఫ్రై ఉన్నా, ఫ్యాను బిగించిన చిన్న ఓవెనే. పల్చటి రేకులు దాని గాలికి లేచి ఒకదాని మీదొకటి పడి అతుక్కుంటాయి.

దుంప సంగతి మరీ విచిత్రం. చిప్స్‌కి పనికొచ్చే దుంపలో నీరు తక్కువ, చక్కెర బాగా తక్కువ ఉండాలి. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ కుఫ్రీ చిప్సోనా అనే రకాల్ని ఇందుకోసమే తయారుచేసి 1998లో విడుదల చేసింది. మన కూరగాయల బండి మీదికి వచ్చేది చాలాసార్లు కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి చలికి వణికిన దుంప. చలికి దానిలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. అది చిప్ ఎండేలోపే నల్లబడుతుంది. వీడియోలో మాత్రం "ఏ దుంపైనా పరవాలేదు ఫ్రెండ్స్" అంటారు.

ఇళ్లలో కుదరకపోతే పోనీ, కోట్లు పెట్టుబడి పెట్టిన కంపెనీ ఏం చేసిందో చూద్దాం. అమెరికాలో లేస్ వాళ్లు 1990ల్లో బేక్డ్ చిప్స్ తెచ్చారు. ఇంజనీర్లున్నారు, గదంత ఓవెన్లున్నాయి. అయినా దుంపని కోసి కాల్చే సాహసం చేయలేదు. ఎండు దుంపపొడిలో కార్న్‌ఫ్లోర్, పంచదార, మొక్కజొన్న నూనె కలిపి ముద్ద చేసి, పల్చగా ఒత్తి, చిప్ ఆకారంలో కోసి కాల్చారు. దాన్ని మన అమ్మమ్మలకు చూపిస్తే అప్పడం అంటారు. ఇంతా చేసి మిగిలిందేమిటి? 28 గ్రాముల మామూలు చిప్స్‌లో 160 కేలరీలు, బేక్డ్‌లో 120. అంటే రెండు మేరీ బిస్కెట్ల పాటి పుణ్యం.

ఇంట్లో ఆ పుణ్యం కూడా దక్కుతుందో లేదో, కాగితం మీద కూడి చూడండి. రెండు పెద్ద దుంపలు, 300 గ్రాములు. నీరు పోగా మిగిలేది 60 గ్రాములు. మూకుట్లో వేగిన చిప్‌లో ఇంచుమించు మూడో వంతు నూనె ఉంటుంది కాబట్టి, ఆ 60కి ఓ 30 గ్రాముల నూనె తోడవుతుంది. ఇప్పుడు ఓవెన్ పద్ధతి చదవండి: "దుంప ముక్కలకు రెండు టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె బాగా పట్టించాలి." టేబుల్ స్పూనుకి 14 గ్రాముల చొప్పున మొత్తం 28. మూకుటికీ ఓవెన్‌కీ నడుమ ధర్మాధర్మాల తేడా రెండు గ్రాములు! ఆ ఆలివ్ నూనె సీసా ధరకి పల్లీనూనె ఎంతొస్తుందో కూడా లెక్కేస్తే రక్తపోటు వస్తుంది, వద్దులెండి. ఒక్క స్పూనుతో సరిపెట్టేవారికి నిజంగానే సగం నూనె మిగులుతుంది, కాదనను. చుక్క కూడా వేయనివారికి నూనె మొత్తం మిగులుతుంది. పళ్లు మిగులుతాయని మాత్రం హామీ లేదు.

అక్కడితో ఆగుతారా అంటే, చప్పగా ఉన్నాయని పెరిపెరి మసాలా, చీజ్ పొడి చల్లుతారు. పక్కన గిన్నెడు మయోనీజ్ పెట్టుకుంటారు. అసలు సిసలు మయోనీజ్‌లో మూడొంతుల దాకా నూనే. ముందు గుమ్మంలోంచి గెంటేసిన నూనెని పెరటి తలుపు తీసి, కుర్చీ వేసి కూర్చోబెట్టడమన్నమాట.

"నూనె లేదు కాబట్టి క్యాన్సర్ భయం లేదు" అనే మాట ఒకటి తిరుగుతోంది. వేయించిన దుంపల్లో అక్రిలమైడ్ ఉంటుందని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు చెప్పినప్పటి నుంచీ ఉన్న భయం ఇది. అది పుట్టేది దుంపలోని చక్కెరకూ ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లానికీ 120 డిగ్రీలు దాటిన వేడి తగిలినప్పుడు. ఆ వేడి నూనెదా గాలిదా అని అది కులగోత్రాలు అడగదు. ఓవెన్‌లో నల్లగా మాడిన అంచుల్లోనూ అది ఉంటుంది.

పాపం అంటకుండా చిప్స్ తినాలన్న ఈ కల పాతదే. ఒంటికి పట్టని ఒలెస్ట్రా అనే కొవ్వును 1996లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. 1998లో దానితో వేయించిన వావ్ చిప్స్ దేశమంతా వచ్చాయి. కడుపులో నొప్పి, విరేచనాలు కావచ్చని ఆ ప్యాకెట్టు మీదే అచ్చేశారు. ఇక్కడ మన ఆహార సలహాదారుల్లో మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే మానమన్నారు. వీరమాచనేని రామకృష్ణ గారు కొవ్వు తిని పిండిపదార్థాలు మానమన్నారు. ఇద్దరి దారులూ వేరైనా, మానమన్నదాన్ని మానమనే చెప్పారు. మానేసినట్టూ ఉండాలి, తింటున్నట్టూ ఉండాలి అన్న మూడో మార్గాన్ని మనకు మనమే కనిపెట్టుకున్నాం.

ఎండాకాలం వస్తే దుంపల్ని రేకులు తరిగి, ఉప్పునీళ్లలో ఒక పొంగు రానిచ్చి, డాబా మీద పాతచీర పరిచి ఆరబెట్టి, డబ్బాకెత్తే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కరెంటు బిల్లు లేకుండా ఆ నీళ్లన్నీ ఎండే లాగేస్తుంది. పప్పన్నంలోకి కావలసినప్పుడు నాలుగు తీసి నూనెలో వేస్తారు. నాలుగంటే నాలుగే, గిన్నె ఒళ్లో పెట్టుకుని సినిమా అయ్యేదాకా నమలరు. 'ఎన్నైనా తినొచ్చు' అని వాళ్లకెవరూ చెప్పలేదు మరి.

చిప్స్ మీద మనసు పోతే మూకుడు దింపండి, రెండు దుంపలు వేయించండి, నలుగురూ పంచుకోండి. ఆరోగ్యం మీద మనసు పోతే అదే దుంపని తొక్కతో ఉడకబెట్టి ఉప్పూ మిరియాలపొడీ చల్లుకోండి, దివ్యంగా ఉంటుంది. వీడియోలు తీసే అక్కయ్యలకూ అన్నయ్యలకూ ఒక్కటే మనవి: ఆ ఏరిన చిప్‌ని విరిచాక కెమెరా ఆపకండి. రెండు గంటలాగి, ట్రేలో మిగిలినవాటిని కూడా ఆ మైకు దగ్గరికే తెచ్చి విరవండి. మేం వింటాం.