ముద్రల సారు

మా బయ్యారంలో ముద్రల సారు చేతికి గొడ్డలి చిక్కితే ఆ పూటకు కట్టెలు కొట్టడం ఆగినట్టే. ముందు కామ ఊడబీకుతాడు. తుప్పు మీద రెండు చుక్కల కిరసనాయిలు, పాత పళ్ల బ్రష్షు, ఆపైన భూతద్దం. కాసేపు ఊపిరి బిగబట్టి, "సైన్యం గొడ్డలి!" అంటాడు. తేదీ అడిగితే 13వ శతాబ్దానికి తక్కువ ఒప్పుకోడు. గొడ్డలి తెచ్చినవాడి ముఖం వెలిగిపోతుంది. వాడి తాత బండి తోలి బతికినవాడన్న సంగతి ఇద్దరూ మరిచిపోతారు.

ఆధారం? ఇనుము మీద ఓ సొట్ట. పక్కకు తిప్పి చూస్తే వరాహం, కాకతీయుల లాంఛనం. తిప్పకుండా చూస్తే సొట్టే. "గణపతిదేవుడి సోదరి మైలాంబ చెరువు తవ్వించి శాసనం ఏపిచ్చిన ఊరిది. గొడ్డలికి ముద్ర లేకుంటదా?" అని గద్దిస్తాడు.

సారుకు చదువు లేదనుకునేరు. ఆదోని కోటలో దొరికిన ఆయుధాల మీద బికనీరువాళ్లు చుక్కలుచుక్కలుగా అక్షరాలు కొట్టించారనీ, అది చేసినవాడి పేరు కాదు, పట్టుకుపోయినవాడి ఆయుధశాల లెక్క అనీ ఆయనే చెప్తాడు. బాణం గుర్తుంటే తెల్లదొరల సర్కారు సొత్తట. ఇస్ఫహాన్ ఉస్తాదు అసదుల్లా పేరైతే ఆయన ముట్టని కత్తుల మీద కూడా కనబడుతుందట. మన గొడ్డలి దగ్గరికొచ్చేసరికి ఈ జాగ్రత్తలన్నీ పక్క జిల్లాలకే వర్తిస్తాయి.

అసలు బాధ వేరే. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. గుట్టల నిండా ఇనుపరాయి పెట్టుకున్న మనకేమో పేరు లేదు. 2014 విభజన చట్టం అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం వీలవుతుందేమో ఆరు నెలల్లో చూడమంది. ఇన్నేళ్లలో బయ్యారం ఉక్కు మీద పడ్డవన్నీ ఫైళ్ల మీది రబ్బరు ముద్రలే.

మొన్న కొలిమి దగ్గర ముసలి కమ్మరిని నిలదీశాడు.

"తాతా, మీ పెద్దలు గొడ్డలి మీద ఏం గుర్తు కొట్టేటోళ్లే?"

"గుర్తెందుకు సారూ? ఊరికి ఒక్కటే కొలిమి. పదును నిలవకుంటే తిట్టనీకి సీదా మా ఇంటికే వచ్చేటోళ్లు."

సారు డైరీ తీసి రాసుకున్నాడు: "ముద్ర లేకపోవడమే బయ్యారం ముద్ర."

అప్పట్నుంచి ముద్ర లేని ఇనుమంతా కాకతీయులదే. నిన్న మా ఇంటి కత్తిపీటకు కబురొచ్చింది.