తొమ్మిది నిమిషాల అమ్మానాన్నలు

మా అమ్మాయీ అల్లుడూ పోయిన ఆదివారం తల్లిదండ్రులుగా పాసయ్యారు. చెరొక సర్టిఫికెట్ ఇచ్చారు. రెండూ తెచ్చి ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం బిళ్లలతో తగిలించారు. మా మనవడు అందులో ఒకటి పీక్కెళ్లి బొమ్మ లారీ కింద రోడ్డుగా పరుచుకున్నాడు. వాడికి మూడేళ్లు నిండాయి. అంటే ఈ మూడేళ్లూ వాణ్ణి లైసెన్సు లేకుండా నడిపారన్నమాట. పోలీసులు పట్టుకోకపోవడం మా అదృష్టం.

హైదరాబాద్‌లో కొండాపూర్ నుంచి నల్లగండ్ల దాకా ఇప్పుడు ఈ పిల్లల పెంపకం వర్క్‌షాపుకి వెళ్లని తల్లి తలెత్తుకుని లిఫ్టు ఎక్కలేదు. క్లబ్‌హౌసుల్లోకి ముందు జుంబా వచ్చింది, తర్వాత చిరుధాన్యాలొచ్చాయి, ఇప్పుడిది. ఫీజెంతో చెప్పి బీపీ పెంచుకోను. అమ్మమ్మలకీ తాతయ్యలకీ వేరే బ్యాచ్ ఉందట, ముప్ఫై శాతం తగ్గింపట. అక్కడ మమ్మల్ని అమ్మమ్మలనరు, ‘సెకండరీ కేర్‌గివర్లు’ అంటారు. పొద్దున ఎనిమిదింటికి పిల్లాణ్ణి నా ఒళ్లో పడేసి రాత్రి ఏడున్నరకి తీసుకునేవాళ్లు ప్రైమరీ. నడుమనున్న పదకొండున్నర గంటలూ సెకండరీ. లెక్కల్లో నేను మొదట్నించీ వెనకబెంచీనే లెండి.

ఆ రోజు నన్నూ తీసుకెళ్లారు. నేర్పించడానికి కాదు, వాళ్లు నేర్చుకుంటున్నంతసేపూ పిల్లాణ్ణి పట్టుకోవడానికి.

కోచ్ గారికి నా కూతురికన్నా చిన్న వయసు. చెంప మీద మైకు, కాళ్లకి చెప్పుల్లేవు. పిల్లాడు ఏడిస్తే కాకిని చూపించకూడదని మొదలుపెట్టింది. అలా చూపిస్తే వాడి బాధను అవమానించినట్టట. ‘నీ కోపం నాకు కనిపిస్తోంది’ అని వాడి కళ్లలోకి చూస్తూ చెప్పాలట. తెలుగునాట కాకులకున్న ఒక్క ఉద్యోగమూ పోయింది. సరే, కాకి సంగతి వదిలేశాను. ఆ తర్వాత వచ్చిందమ్మా అసలు సరుకు, తొమ్మిది నిమిషాల సూత్రం.

మీ ఫోన్లలోకి ఇప్పటికే వచ్చి ఉంటుంది. పిల్లాడు నిద్ర లేవగానే మూడు నిమిషాలు, ఇంటికొచ్చి వాణ్ణి కలవగానే మూడు నిమిషాలు, పడుకోబెట్టే ముందు మూడు నిమిషాలు. ఈ తొమ్మిదీ మనసు పెట్టి గడిపితే చాలట, మిగతా రోజు ఎలా పోయినా పిల్లాడు నిబ్బరంగా పెరుగుతాడట. ఈ మాట అనగానే హాల్లో నలభై మంది ఒక్కసారిగా ఊపిరి వదిలారు. మా అల్లుడి భుజాలు రెండంగుళాలు కిందికి దిగాయి. పెళ్లిలో అప్పగింతలైపోయాక ఆడపెళ్లివారు వదిలే ఊపిరి చూశారా, అదీ.

ఇది ఎవరు చెప్పారండీ అని అడిగాను. యాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త అంది. ఇంటికొచ్చి ఆయన గురించి చదివాను. ఎస్టోనియాలో పుట్టి అమెరికాలో పనిచేసిన పెద్దమనిషి, 2017లో పోయాడు. నిజంగానే గొప్పవాడు. ఎలుకలకి కితకితలు పెడితే మనిషి చెవికందని సన్నటి గొంతుతో అవి నవ్వులాంటి చప్పుడు చేస్తాయని కనిపెట్టింది ఆయనే. పొట్టమీద కితకితలు పెట్టిన చెయ్యి కోసం ఎలుక వెంటపడి వస్తుందట, ఇంకాసేపు ఆడమని. మరి ఈ తొమ్మిది నిమిషాలు ఆయన ఏ పుస్తకంలో, ఏ పేజీలో చెప్పాడమ్మా అని ఆ రోజే అడిగితే కోచ్ గారు నవ్వి, “రీసెర్చ్ బేస్డ్ ఆంటీ” అంది. చనిపోయినవాడు కాదనలేడు. ఎలుకల్ని అడుగుదామంటే వాటి గొంతు మనకి వినబడదు.

తర్వాత ప్రాక్టికల్. స్టాప్‌వాచ్ నొక్కారు. ప్రతి తండ్రీ తన బిడ్డ ఎదుట బాసింపట్టు వేసుక్కూర్చుని మూడు నిమిషాలు కళ్లలో కళ్లు పెట్టి చూడాలి. మా మనవడు రెండు సెకన్లు చూశాడు. మూడో సెకనులో వేలు పెట్టి, “నాన్నా, ముక్కులో వెంట్రుక” అన్నాడు. పక్క చాప మీద పాప వాళ్ల నాన్న చేతి గడియారం విప్పడం మొదలెట్టింది. ఇంకొకడు పాక్కుంటూ వచ్చి నా ఒళ్లో కూర్చున్నాడు, వాడెవరో నాకు తెలియదు. నిమిషంన్నరకి హాల్లో ఉన్న పిల్లలంతా కిటికీ దగ్గర చేరారు. అక్కడ కాకి ఉంది మరి.

సోమవారం నుంచి ఇంట్లో అమలు. అల్లుడు ఫోన్లో మూడు అలారాలు పెట్టుకున్నాడు, వీణ చప్పుడుతో. పొద్దున వీణ మోగే వేళకి పిల్లాడు పాట్ మీద ముక్కుతున్నాడు. మా అల్లుడు బాత్‌రూమ్ గడప దగ్గర గొంతుక్కూర్చుని, మనసు పెట్టి మూడు నిమిషాలు చూశాడు. పిల్లాడికి రావలసినది రాలేదు. సాయంత్రం మూడు నిమిషాలూ ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో కలిసిపోయాయి. రాత్రి అమెరికావాళ్ల కాల్ నడుస్తుండగా మైకు మ్యూట్ చేసి వచ్చాడు, చెవిలో ఇయర్‌ఫోన్ తియ్యకుండానే. శుక్రవారానికల్లా పిల్లాడు కనిపెట్టేశాడు. వీణ మళ్లీ మోగగానే తండ్రి ఒళ్లోంచి దిగి, “అయిపోయింది నాన్నా, పో” అన్నాడు.

అల్లుడు వెళ్లిపోయాడు. కాల్‌లో అవతల వాళ్లు ఆగి ఉన్నారు.

అక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. ఇంకేం వెటకారం చెయ్యను? మా అల్లుడు చెడ్డ తండ్రి కాదు, తీరిక లేని తండ్రి. మా అమ్మాయికి తెలియనిదేమీ లేదు. పిల్లాడు తిన్నాడా అని మధ్యాహ్నం మూడుసార్లు ఫోన్ చేస్తుంది, మీటింగుకీ మీటింగుకీ మధ్య, మెట్ల దగ్గర నిలబడి. వాళ్లకి లేనిది జ్ఞానం కాదు, టైము. టైము తీసుకున్నవాళ్లని తిరిగి ఇమ్మని అడగడం చేతకాక, తొమ్మిది నిమిషాలు చాలు నాయనా అని జోకొడుతున్నారు. ఈ సూత్రం పిల్లల కోసం పుట్టింది కాదు. పన్నెండు గంటలు పని చేయించుకునేవాడికి ఇంతకన్నా తీపి మాట ఉందా?

2017లో చట్టం మార్చారు. ప్రసూతి సెలవు 26 వారాలు. యాభై మంది పనిచేసే చోట పిల్లల్ని ఉంచుకునేందుకు క్రెష్ ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. చట్టంలో అచ్చంగా అలాగే ఉంది. మీ ఆఫీసులో ఆ గది ఎక్కడుందో ఒకసారి హెచ్ఆర్ వాళ్లని అడగండి. పిల్లల గది చూపించరు, పిల్లల పెంపకం మీద వెబినార్ లింకు పంపిస్తారు. తండ్రి ఊసు ఆ చట్టంలో లేనే లేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే 15 రోజులు, ప్రైవేటు వాడైతే కంపెనీ దయ. బిడ్డ పుట్టిన మూడో రోజున ల్యాప్‌టాప్ తెరిచినవాణ్ణి మూడేళ్ల తర్వాత చాప మీద కూర్చోబెట్టి, ‘ప్రెజెంట్’గా ఉండు అంటే ఎలా ఉంటాడమ్మా?

మా ఇంట్లో పనిచేసే పిల్లది నారాయణపేట వైపు. తనకి రెండున్నరేళ్ల పాప. మా అమ్మాయికి వర్క్‌షాపు పోస్టరు వచ్చిన వారంలోనే ఈ పిల్ల అంగన్‌వాడీలో పాపకిచ్చే బాలామృతం పొడి తెచ్చుకోవాలి, తోడు రమ్మంటే వెళ్లాను. అంగన్‌వాడీ అద్దె గది, ముందు రేకులు. నెలకి రెండున్నర కిలోల ప్యాకెట్టు. దానికి తల్లి ముఖం ఫోన్లో చూపించాలి, 2025 జూలై నుంచి. టీచరు ఫోన్ ఎత్తి పట్టుకుని, “జర ఇటు తిరుగు. కండ్లు మూసి తెరువు. మళ్లా మూయి” అంటోంది. సిగ్నల్ లేదు. గది బయటికొచ్చి ఎండలో నిలబెట్టి మళ్లీ. ముఖం కలవలేదట. ఈ పిల్ల నవ్వు ఆపుకోలేక చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటే అస్సలు కలవదు కదా.

ఆ నాలుగు ప్రయత్నాల మధ్య ఆ టీచరు చేసిన పనులు చూశాను. ఒకడి ముక్కు తుడిచింది. పప్పు గిన్నె దగ్గరికి పోతున్నదాన్ని మాట ఆపకుండానే కాలు అడ్డం పెట్టి ఆపింది. ఎనిమిదో నెల పిల్లాణ్ణి ఎత్తుకొచ్చిన తల్లితో, “పలచగ నీళ్లలెక్క పెడితే బరువెట్ల వస్తడే? చెంచా నిండ నెయ్యి వెయ్యి, ముద్ద చెయ్యి” అంది. ఆ తల్లి తల ఊపింది. ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు. ఆ టీచరుకి తెలంగాణలో నెలకి 13,650. మా వాళ్లిద్దరూ కలిసి ఒక ఆదివారానికి కట్టిన ఫీజు ఆమెకి పన్నెండు రోజుల బతుకు. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఎంత గౌరవమో ఆంధ్రలో చూశాం కదా! 2019లో 11,500 చేసి అక్కడే ఆపేస్తే, 2023 డిసెంబర్ 12న సమ్మెకి దిగారు. సంక్రాంతి ముగ్గులు రోడ్డు మీద శిబిరాల ముందు వేసుకున్నారు. వాళ్ల మీద ఎస్మా పెట్టారు. 42 రోజులు. కార్మికులు కారు, సేవకులు అని జీతం ఎగ్గొడతారు. పని ఆపితే అత్యవసర సేవ అని చట్టం తీస్తారు. ఆ అత్యవసరం పే స్లిప్పులో ఎప్పుడూ కనబడదేం?

అదే మనుషుల చేతిలో 2024లో కేంద్రం ఇంకో పుస్తకం పెట్టింది, నవచేతన. మూడేళ్ల లోపు పిల్లల తల్లిదండ్రులకి నేర్పాలి, 36 నెలల క్యాలెండరు, 140 ఆటపాటలు. పుస్తకం మంచిదే, నేను కాదనను. ఎవరు నేర్పాలి, ఏ పూట? వండి, తూచి, ముక్కు తుడిచి, ముఖాలు ఫొటో తీసి, ఎన్నికలొస్తే ఓటరు చీటీలు పంచి, ఆ తర్వాత.

మిగతా పెంపకం వింతల మీద నాకు ఓపిక లేదు. మొజార్ట్ సంగీతం కడుపులో బిడ్డకి వినిపించేవాళ్లకి ఒక్క మాట: 1993లో ఆ ప్రయోగం చేసింది కాలేజీ కుర్రాళ్ల మీద. మెదడు పెంచుతాయనుకుని కొన్న ఐన్‌స్టీన్ పేరు వీడియోలకి 2009లో డిస్నీ వాపసు డబ్బులిచ్చింది, మనవాళ్లు ఇంకా కొంటున్నారు. కళ్లకి గంతలు కట్టి చదివించే ‘మిడ్‌బ్రెయిన్’ వాళ్లకి, ముక్కు పక్క సందు మూసి చదివించమని మంగళూరు హేతువాది నరేంద్ర నాయక్ గారు ఏనాడో చెప్పారు. 2024 డిసెంబర్ 7న ఆంధ్రలో ఒక్క రోజే సర్కారు బడులన్నిటికీ తల్లిదండ్రుల్ని పిలిచినప్పుడు తల్లులకి ముగ్గులు, తండ్రులకి తాడు లాగుడు పెట్టారు. తాడు ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు.

నేర్పడం అంటే ఏమిటో చూడనిదాన్ని కాదు. మా అమ్మాయి పుట్టినప్పుడు మా ఊళ్లో, గోదావరి జిల్లాలో, బాలవాడీ టీచరమ్మ ఇంటింటికీ అరుగుల మీదికి వచ్చేది. ముర్రుపాలు పిండి పారబొయ్యమంటున్న మా అత్తగారితో గొడవపడి, పట్టించి వెళ్లింది. విరేచనాలయితే నీళ్లు ఆపకూడదంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా కొలత సమానంగా ఉండాలని వేలితో గీసి చూపించింది. అప్పట్లో మా వీధిలో విరేచనాలతో పోయిన పిల్లలున్నారు. ఆ తర్వాత ఆ కొలత తెలియని ఇల్లు లేదు. ఇవాళ్టికీ మా అమ్మాయి ఫ్రిజ్ మీది సర్టిఫికెట్ పడిపోతుంది గానీ, ఆ ఆరు చెంచాలు నాకు నిద్దట్లో అడిగినా వస్తాయి.

నిన్న అపార్ట్‌మెంటు గ్రూపులో సందేశం. ఆదివారం పదింటికి రెండో లెవెల్, తల్లిదండ్రులకి మాత్రమే, పిల్లల్ని తీసుకురావద్దు. కింద ఇంకో సందేశం. అదే ఆదివారం, అదే పదింటికి, పక్క హాల్లో ‘సెకండరీ కేర్‌గివర్’ బ్యాచ్, పిల్లల్ని తీసుకురావద్దు. మరి పిల్లల్ని ఎవరు చూస్తారమ్మా అని రాశాను. కోచ్ గారు ఏదో టైప్ చేస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. రాత్రి పదిన్నర దాకా చూసి పడుకున్నాను.