తోకలో ఎనిమిదో ఈక

శనివారం వచ్చిందంటే మా వారు గద్ద తోకలో ఈకలు లెక్కపెడతారు. కోడిగుడ్డుకు ఈకలు పీకేవాళ్ళు మా పుట్టింటి వైపూ ఉన్నారు గానీ, పాపం, వాళ్ళకి ఎవరూ డబ్బులివ్వరు. ఈ అమెరికాలో అలా కాదు. తోకలో ఈక ఎక్కువైతే ఒక ధర, తక్కువైతే ఇంకో ధర, ఉన్న ఈక కింద లేని ఈక తొంగిచూస్తే మరో ధర.

గద్దంటే చెట్టు మీద గద్ద కాదు, మోర్గన్ డాలరు వెనకవైపు గద్ద. ఆ డాలరు 26.73 గ్రాముల బరువు, నూటికి 90 పాళ్ళు వెండి. బొమ్మ చెక్కిన జార్జ్ మోర్గన్ ఇంగ్లండు నుంచి వచ్చి ఫిలడెల్ఫియా టంకశాలలో చేరినవాడు. 1878లో తొలి డాలర్ల మీద గద్దకి ఎనిమిది ఈకలు పెట్టాడు. అంతకుముందు ఆ దేశపు నాణేల మీద గద్దలన్నిటికీ బేసి ఈకలేనట. సరిసంఖ్య ఏమిటని పైనుంచి అభ్యంతరం వచ్చింది. సరే, ఏడు ఈకలతో కొత్త బొమ్మ తయారైంది. కానీ అప్పటికే చేసిపెట్టుకున్న ఎనిమిదీకల అచ్చుల్ని పారెయ్యడానికి వాళ్ళకి చేతులు రాలేదు. వాటి మీదే ఏడీకల బొమ్మని మళ్ళీ నొక్కేశారు. పై ఏడింటి అడుగున పాత ఈకల కొసలు కొన్ని మిగిలిపోయాయి. ఏ అచ్చులో ఎన్ని కొసలు మిగిలాయన్నదే మా ఇంట్లో శనివారం నాటి చర్చనీయాంశం. మూడా, నాలుగా, ఐదా? నాలుగు అని ఆయన తేల్చేసరికి పొయ్యి మీద పప్పు అడుగంటుతుంది.

ఈ లెక్కలకి ఒక మహాగ్రంథం ఉంది. వాన్ అలెన్, మాలిస్ అని ఇద్దరు మహానుభావులు 1976లో వేశారు. ఒక్కో ఏడాది, ఒక్కో టంకశాలలో, ఏ అచ్చుకి ఏ వంకర ఉందో పట్టుకుని నంబర్లిచ్చారు. ఆ ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు కలిపి వాటిని ‘వామ్’ రకాలంటారు. పంచాంగం చూడకుండా ప్రయాణం పెట్టుకునే మా వారు, ఈ పుస్తకం చూడకుండా పది డాలర్లు కూడా ఖర్చుపెట్టరు.

నిజం చెప్పొద్దూ, పక్కన కూర్చుని చూడగా చూడగా నాకూ కొంచెం రుచి పట్టింది. నాకు నచ్చింది మాత్రం ఈకలు కాదు, 1900 నాటి న్యూ ఆర్లీన్స్ డాలరు. నెవాడాలో కార్సన్ సిటీ టంకశాల 1893లో నాణేలు కొట్టడం మానేసింది. దాని గుర్తు ‘సీసీ’. వాడకుండా మిగిలిపోయిన వెనకవైపు అచ్చులు ఫిలడెల్ఫియాకి చేరాయి. అక్కడివాళ్ళు ఆ ‘సీసీ’ మీద న్యూ ఆర్లీన్స్ గుర్తు ‘ఓ’ కొట్టి పంపించేశారు. భూతద్దంలో చూస్తే ఓ వెనకాల రెండు సీలూ నిక్షేపంలా కనిపిస్తాయి. గృహప్రవేశానికి వచ్చిన స్టీలు గిన్నె మీద పాత పేరు సగం గీకించి, పైన కొత్త పేరు కొట్టించి, ఇంకో పెళ్ళిలో చదివించే మా పిన్ని ఈ నాణేన్ని చూస్తే ఆ టంకశాల అధికారికి చీర పెట్టేది.

1888లో ఆ న్యూ ఆర్లీన్సుకి ఏదో శని పట్టి ఉండాలి. నాణెం ముందువైపున్న స్త్రీమూర్తికి నమూనాగా కూర్చున్నావిడ అన్నా విలెస్ విలియమ్స్, ఫిలడెల్ఫియాలో బడిపంతులమ్మ. ఆ ఏడాది ఒక అచ్చులో బొమ్మ పక్కకి జరిగి రెండుసార్లు పడి, ఆవిడకి పెదవులూ ముక్కూ గడ్డమూ రెండేసి వచ్చాయి. దానికి సేకర్తలు పెట్టుకున్న ముద్దుపేరు ‘హాట్ లిప్స్’. పిల్లలకి పాఠాలు చెప్పుకునే మనిషికి ఆ పేరేమిటండీ! అదే ఏడాది, అదే ఊళ్ళో, ఇంకో అచ్చు బీటవారింది. ఆ బీట మొహం మీదుగా మెడదాకా దిగింది. దానికి ‘స్కార్‌ఫేస్’ అని పేరు. మూడేళ్ళ తర్వాత, మధ్యలో వెండి బిళ్ళ లేకుండానే పై అచ్చూ కింది అచ్చూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఆవిడ కిరీటం మీది ‘లిబర్టీ’లోంచి ‘ఈ’ అక్షరం వెళ్ళి గద్ద తోక కింద పడింది. అదీ సంపాదనే.

అయితే రెండుగా కనిపించిన ప్రతిదానికీ విలువ లేదు. అచ్చులోనే తేడా ఉంటే రెండో గీత గుండ్రంగా, విడివిడిగా ఉంటుంది. అచ్చు బాగానే ఉండి, దెబ్బ కొట్టిన క్షణంలో యంత్రం వణికితే రెండో గీత చదునుగా, మెట్టులా అణిగిపోతుంది. మొదటిది నిధి, రెండోది దండగ. నన్నడిగితే పనివాడి పొరపాటుకి ఇచ్చే గౌరవం యంత్రం వణుకుడికీ ఇవ్వాలి. ఈ మాట పైకి అన్నందుకు ఒక నాణేల సంతలో ఒక పెద్దాయన నాకేసి చూసిన చూపు ఉంది చూశారూ, కులం తప్పినదాన్ని చూసినట్టు.

ఇంతలో మా వారికి పిట్‌మన్ చట్టం సంగతి తెలిసింది. మొదటి ప్రపంచయుద్ధంలో మన దేశంలో జనం కాగితం నోట్లు తెచ్చి, వెండి రూపాయలు ఇమ్మని కూర్చున్నారు. బ్రిటిషువాళ్ళ దగ్గర అంత వెండి లేదు. అమెరికాని అడిగారు. 1918లో చేసిన ఆ చట్టం కింద అమెరికా 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించింది. అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండి మన రూపాయల కోసమే పోయింది. ఏ సంచిలో ఎన్ని ఈకలున్నాయో కరిగించినవాడు చూడలేదు. మా వారు రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మూడోరోజు మా అమ్మకి వీడియో కాల్ చేశారు.

“అత్తయ్యగారూ, మీ పూజగూట్లో పాత రూపాయలుండాలి కదా? రాజు బొమ్మవి.”

“ఉన్నాయి బాబూ, మా అత్తగారిచ్చినవి. వరలక్ష్మీ వ్రతానికి పెట్టుకుంటాను.”

“ఒకటి తీసి చూడండి. 1911దా? రాజుగారి అంగీ మీద ఏనుగుంటుంది. అది పందిలా ఉందా?”

ఆయన అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. అయిదో జార్జి పేరుతో ఆ ఏడాది వచ్చిన రూపాయి మీద ఏనుగు అచ్చం పందిలా పడిందని జనం గోల చేస్తే, వాటిని వెనక్కి తీసుకుని బొమ్మ మార్చారు. అయితే శ్రావణ శుక్రవారం పూజలో పెట్టే రూపాయిలో పంది ఉందా అని అల్లుడు అడిగితే మా అమ్మకి ఎలా ఉంటుంది?

“పందేమిటి నాయనా, లక్ష్మీదేవి!” అంది. కాసేపాగి, అల్లుడి మాట కొట్టెయ్యలేక, కళ్ళజోడు వెతుక్కుని రూపాయి తీసి ఫోను ముందు పెట్టింది. నున్నటి వెండి బిళ్ళ. రాజు లేడు, ఏనుగు లేదు, ఏ సంవత్సరమో లేదు.

“బొమ్మేదండీ?” అన్నారీయన గొంతు తడారిపోయి.

“ఏటేటా విబూదితో తోముతాను కదా బాబూ,” అంది అమ్మ గర్వంగా. “చూడు ఎలా మెరుస్తోందో.”